తలుపులో నీళ్ళు

పొద్దున్న పది దాటాక తాతబాబు ఆ కారు వెనక ఎడమ తలుపును అరచేత్తో చరిచాడు. లోపల నీళ్ళు కదిలాయి.

మిగతా మూడు తలుపులూ చరిచి చూశాడు. అవి ఖాళీ రేకు మోగినట్టు మోగాయి, అంతే. మళ్ళీ నాలుగోదాని దగ్గరికొచ్చి, ఈసారి మెల్లిగా తెరిచి మూశాడు. నీళ్ళు ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళి, తట్టుకుని, వెనక్కొచ్చాయి. తాతబాబు పెద జాలరిపేటలో పుట్టినవాడు. పేటవాళ్ళు తెప్ప అనే పడవ అడుగున చేరిన నీరు ఎలా కదులుతుందో నడక రాకముందే విన్నవాడు. ఆ చప్పుడు మద్దిలపాలెం బస్సు డిపో వెనక, తన షెడ్డులో వినపడేసరికి చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"విన్నావా?" అన్నాడు కారు యజమాని గంగాధరరావు. గోదావరి వైపు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే వెనక వీధిలో ఇల్లు కట్టుకున్న మనిషి. కారుకి ఇరవై రెండేళ్ళు. "మా ఆవిడేమో వెనక సీట్లో ఎవడో ఉన్నాడంటుంది. ఉంటే టిక్కెట్టు అడగవే అన్నాను. నాలుగు రోజులు నాకు కాఫీ లేదు."

"మీకన్నీ ఎకసెక్కాలే" అంది భ్రమరాంబ. "వెనక కూర్చునేది నేను కదా. మలుపు తిరిగినప్పుడల్లా పక్కన ఎవరో చెంబులో నీళ్ళు కదుపుతున్నట్టుంటుంది బాబూ. బ్రేకేస్తే నిట్టూరుస్తాడు."

"నిట్టూరుస్తాడంట! మగాడని కూడా తెలిసిపోయింది!"

తాతబాబు నవ్వలేదు. సీటు కింద తివాచీ నొక్కి చూశాడు. వేళ్ళు తడిశాయి. "లోపల షీటు పోయినట్టుంది సార్. సాయంత్రానికి ఇచ్చేత్తాను" అన్నాడు. వాళ్ళిద్దరూ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

తాతబాబు చేసేది తలుపుల పని ఒక్కటే. అద్దం ఎక్కకపోయినా, గడియ పడకపోయినా, వాన నీరు కాళ్ళ కిందికి వచ్చినా అతని దగ్గరికే తెస్తారు. చేసిన పనంతా డోర్ ప్యాడ్ అనే లోపలి అట్ట వెనక దాగిపోతుంది కాబట్టి బాగుందని చెప్పేవాళ్ళుండరు. కారు తలుపులోకి వాన నీరు దిగకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అద్దం వెంబడి అది దిగుతూనే ఉంటుంది. తలుపు అడుగున సన్నటి చీలికలుంటాయి, దిగిన నీరు వాటిలోంచి రోడ్డు మీద పడిపోతుంది. ఈలోగా అది మనుషుల వైపు రాకుండా ప్యాడ్ వెనక ఒక పాలిథిన్ షీటు, దాని చుట్టూ నల్ల జిగురు. ఏళ్ళు గడిస్తే షీటు పెళుసెక్కుతుంది, జిగురు పట్టు విడుస్తుంది. అప్పుడు రెండూ మార్చాలి.

ఈ కారుకి నాలుగు షీట్లూ ఆరేళ్ళ కిందట ఈ షెడ్డులోనే మారాయి. మూడు తాతబాబు వేశాడు. నాలుగోది ఎవరు వేశారో ప్యాడ్ ఊడదీయకముందే అతనికి తెలుసు.

ఊడదీశాడు. నల్ల జిగురు మీద గుంటలు వరసగా ఉన్నాయి. తాతబాబు బొటనవేలితో నొక్కుతాడు. ఇవి పిడికిలి కణుపుల గుంటలు. తెప్ప అతుకు నొక్కినట్టు పిడికిలి బిగించి నొక్కేవాడు ఒక్కడే, వాళ్ళ అన్న వరహాలు.

వేట నిషేధం ఉండే వేసవి రెండు నెలలూ వరహాలు ఒడ్డున ఊరికే కూర్చోలేక ఆ ఏడు తమ్ముడి షెడ్డుకి వచ్చాడు. చేతి పని ఇట్టే పట్టుకున్నాడు. ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు.

"ఒరే, అడుగున బొక్కలేటిరా? ఏ సన్నాసి సేసాడ్రా దీన్ని?"

"అవుండాల అన్నా. నీరొత్తాది, పోతాది."

"వొచ్చిన నీరు మళ్ళీ పోతాదని నీకెవుడు సెప్పాడు? అడుగున బొక్కెట్టుకుని నీటిని నమ్మమంటావేటి? మన పేటలో ఇంటే నవ్వుతారు."

"ఇది తెప్ప కాదన్నా, కారు. బొక్క ముయ్యకు."

"సర్లే, పెద్ద మేస్త్రీవి" అన్నాడు వరహాలు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నిషేధం ఎత్తేసిన మూడో రోజు తెల్లారగట్ల చిన్న తెప్ప మీద ఒక్కడే గేలానికి పోయాడు. ఆ మర్నాడు భీమిలి అవతల తెప్ప దొరికింది, బోర్లా తేలుతూ. ఎక్కడా చిల్లు లేదు. మనిషి దొరకలేదు.

తాతబాబు షీటు లాగేసి, టార్చి వేసి తలుపు అడుగుకి చూశాడు. నీరు నల్లగా నిలిచి ఉంది. చీలికలు ఉండాల్సిన పొడుగునా నల్ల ముద్ద ఉంది. కింద పెయింటు డబ్బా పెట్టి, స్క్రూడ్రైవరుతో పొడిచి, ముద్దని బయటికి లాగాడు. నీరు ఆగి ఆగి దిగింది. ఇన్నేళ్ళూ కారు పోర్టికోలో ఉండేది. పోయిన గాలివానకి పోర్టికో పైరేకులు ఎగిరిపోయాక వానలో నిలబడింది. అప్పట్నుంచీ దిగిన నీరు దిగినట్టే తలుపులో ఉండిపోయింది.

ముద్ద కాదది. గుడ్డ. మెలిపెట్టి, జిగురులో ముంచి, తెప్ప సందులో కూరినట్టు కూరింది. పెట్రోలుతో తుడిచి మెలి విప్పాడు. పైమడత మసిగుడ్డలా ఉంది. లోపలి మడత నిన్న చింపినట్టుంది. ఆకుపచ్చ గళ్ళు, తెల్ల అంచు.

తాతబాబు దాన్ని పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. చెత్త డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఇంకాసేపట్లో వదిన చిట్టమ్మ వస్తుంది. రోజూ చేపల గిన్నెతో ఈ వీధుల్లో తిరిగి, మధ్యాహ్నం కాస్త నీడకని షెడ్డులో కూర్చుంటుంది. ఆరేళ్ళుగా ఆమె బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. శవం దొరకని మనిషికి ఒంటిమీది గుడ్డ ఏదైనా పెట్టి కర్మ జరిపించమని పేట పెద్దలు రెండుసార్లు చెప్పి చూశారు. "ఒంటిమీది గుడ్డ ఒంటిమీదే పోయింది. ఉతికి మడతెట్టిన గుడ్డల్లో మనిషుంటాడేటి?" అందామె. పెద్దలు లేచి వెళ్ళిపోయారు.

గేలానికి పోయిన రోజు వరహాలు ఒంటిమీదున్నది ఆకుపచ్చ గళ్ళ లుంగీ. కొత్తది. ఒక పక్క అంచు చిరిగి ఉండేది.

పారేస్తే వదిన ఇలాగే చేపలమ్ముకుంటూ ఎదురు చూస్తుంది. చూపిస్తే అన్న తన చేతిమీదుగా చచ్చిపోతాడు. తాతబాబు గుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ఏటి మరిదీ, దెయ్యాన్ని సూసినట్టు సూత్తన్నావు?" చిట్టమ్మ అప్పటికే గిన్నె దించుతోంది. "సేపలు కుళ్ళేయా, నాను కుళ్ళేనా?"

అతను గుడ్డ ఉన్న చెయ్యి చాపాడు.

చిట్టమ్మ దాన్ని రెండు చేతులా లాగి పట్టి చూసింది. బేరమాడేటప్పుడు చేప మొప్ప చూసినంత సేపు చూసింది.

"ఎక్కడిదిది?"

"ఈ తలుపులో దొరికింది ఒదినా. అన్న దట్టేసాడు."

"తెప్పకన్నాడు నాతోటి. కొత్త లుంగీ ఎక్కడ సింపేవంటే, తెప్ప సందులో ఎట్టేనన్నాడు. తెప్పంతా ఎతికేను. లేదు. అబద్ధాలకోరువన్నాను. ఎవులికిచ్చేవన్నాను." ఆగింది. "ఆ రేత్రి సట్టిలో కూడు అలగే ఉండిపోయింది. తెల్లారి ఏటకి పోతంటే నాను లెగలేదు. మెలకువే, అయినా లెగలేదు."

"బొక్క ముయ్యొద్దని నాను సెప్పేను. అందుకే నీక్కూడా సెప్పలేదేమో. నాకు తెలుత్తాదని."

చిట్టమ్మ అతని మొహంలోకి చూసింది. ఉన్నట్టుండి నవ్వింది, వీధిలో టీ బండివాడు తిరిగి చూసేంత గట్టిగా. "నీకు బయపడ్డాడా? సముద్రానికి బయపడనోడు నీకు బయపడ్డాడా! నాను ఇన్నేళ్ళూ ఏటేటో అనుకున్నాను."

నవ్వు ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఆమె కింద డబ్బా వైపు చూసింది.

"ఆ నీరేటి?"

"తలుపులోది."

వంగి వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. తాతబాబు వద్దనేలోపే.

"సప్పగుంది" అంది.

"వాన నీరే ఒదినా."

"మరేటి, సముద్రమొత్తాదేటి కారులోకి" అందామె, కసురుకున్నట్టు. గుడ్డని చీర కొంగున ముడేసింది. ముడి రెండుసార్లు బిగించింది. "ఆదివారం పెద్దల్ని పిల్సుకురా. గిన్నె ఎత్తు. కవళ్ళ సేపలు మిగిలిపోనాయి, ఎండకి పాడైపోతాయి."

అతను గిన్నె తల మీదికి ఎత్తాడు. ఆమె వీధి చివర మలుపు తిరిగేదాకా గొంతు వినిపిస్తూనే ఉంది, "సేపలో... కవళ్ళో..." అని.

పాత జిగురంతా తీస్తే గాని కొత్త షీటు పట్టదు. పిడికిలి గుంటల మీద తాతబాబు ఒకసారి తన కణుపులు ఆన్చి చూసుకున్నాడు. తర్వాత రేకు పెట్టి గీకేశాడు. కొత్త షీటు కోసి, కింది అంచు తలుపు లోపలికి దోపి, చుట్టూ బొటనవేలితో నొక్కాడు. అద్దం మీద మగ్గుతో నీళ్ళు పోశాడు. అడుగు చీలికల్లోంచి ధారగా నేలమీద పడ్డాయి.

సాయంత్రం భ్రమరాంబ వెనక ఎడమ పక్కనే కూర్చుంది. గంగాధరరావు కావాలని డిపో ముందు కారు గిర్రున తిప్పాడు. ఆమె తలుపుకి చెవి ఆన్చింది.

"ఏముందయ్యా లోపల?" అని అడిగింది.

"గుడ్డ అడ్డం పడిందమ్మా. తీసేసేను."

"మరి దిగిపోయాడా మీ ప్యాసెంజరు?" అన్నాడు గంగాధరరావు. ఈసారి ఆమె కసరలేదు.

వాళ్ళు వెళ్ళాక తాతబాబు పారబోద్దామని పెయింటు డబ్బా కదిపాడు. నీరు ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్ళి, తట్టుకుని, వెనక్కొచ్చింది. డబ్బా అక్కడే వదిలేసి షట్టరు దించాడు.

ఆదివారం పొద్దున కర్మ జరిపించడానికి చిట్టమ్మ ఇంటికి పెద్దలు ఐదుగురు వచ్చారు. ఆమె కొంగు ముడి విప్పింది.