ఊడ్చిన బీడు

మార్కాపురం పక్కనున్న మా ఊరి బీడు కోసం నేనీ ప్రయాణం చేశాను. నేను గిద్దలూరు మిషన్ బడిలో పంతుల్ని. మార్కాపురంలో పలకల కార్ఖానాలు పెరిగాయి. పనికోసం పైఊళ్ల జనం దిగారు, వాళ్లకు ఇళ్ల స్థలాలు కావలసి వచ్చాయి. పట్నానికి ఆనుకుని ఉన్నది మా బీడే. రైతుల ఎడ్లూ ఆవులూ, ఊరి బయటి మా పాలెం వాళ్ల గేదెలూ మేకలూ అన్నీ అక్కడే మేస్తాయి. రైతులకు చేలగట్లయినా ఉన్నాయి. మా అక్క మరియమ్మకు సెంటు భూమి లేదు. బావ పోయినప్పటి నుంచి రెండు గేదెలను ఆ బీడులో మేపుకుని, పట్నంలో పాలూ మజ్జిగా అమ్ముకుని బతుకుతోంది.

బీడును ఇళ్ల స్థలాలు చేస్తారని తెలిసి నేను కలెక్టరు కచేరీకి ఇంగ్లీషులో అర్జీ పంపాను. మూడు నెలలకు జవాబొచ్చింది. అధికారి బుధవారం పదిగంటలకు స్వయంగా వచ్చి బీడు చూస్తాడు. ఇంక గెలిచినట్టే అనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ ఊరకే అనేది కాదు. ఊరి పెద్ద వెంకటరెడ్డికి అప్పటికప్పుడు కార్డు రాశాను. అధికారి వస్తున్నాడు, అందరూ బీడు దగ్గర ఉండండి, నేనూ వస్తాను అని.

బుధవారం తెల్లవారి ఐదింటికి గిద్దలూరులో బండెక్కాను. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఏడు కావస్తుండగా కంభం చేరాం. చెరువు కింద వరి పచ్చగా ఉంది. అక్కడ ఇంజను నీళ్లకని ఆగి ముప్పావు గంట కదలలేదు. గడ్డిలో చుట్టిన పలకల కట్టతో ఒక వ్యాపారి ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. నా పని అడిగి తెలుసుకుని నవ్వాడు.

"ఊరు పెరిగేది ఆపగలవా అప్పా? మనుషులు ఇండ్లు నెత్తిన కట్టుకుంటారా ఏంది?"

"ఉత్తరం పక్క రాతినేల ఎంతో ఉంది. అక్కడ కట్టుకోవచ్చు గదా."

"రాళ్లల్లో బాయి తవ్వితే నీళ్లు పడవు గదప్పా."

"రాళ్లల్లో గడ్డీ మొలవదన్నా" అన్నాను. అతను నాకో జామకాయ ఇచ్చాడు.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేసరికి తొమ్మిది దాటుతోంది. బస్సుకు రెండణాలు. నిండితేగాని కదలనన్నాడు డ్రైవరు. తొమ్మిదీ ముప్పావుకు బీడు దగ్గర దిగాను. దిగినవాణ్ణి దిగినట్టే నిలబడిపోయాను.

బీడంతా ఊడ్చి ఉంది. పేడ కడి ఒక్కటి లేదు. గిట్టల గుర్తులు కూడా చీపురు కింద పోయాయి. నీళ్లు చల్లారు. మధ్యన పందిరి, మామిడాకుల తోరణం, ఎవరింటి నుంచో తెచ్చిన కుర్చీ. ఊరు ఊరంతా ఉతికిన గుడ్డలు కట్టుకుని నిలబడి ఉంది. పాలెం వాళ్లు వేకువనే లేచి ఊడ్చారట. పశువు మాత్రం ఒక్కటి లేదు.

"పసులేవి నాయనా?" అన్నాను వెంకటరెడ్డితో.

"కోడి కూసినప్పుడే కొండకిందకు తోలినాము. పెద్ద ఆఫీసరు వస్తా ఉంటే ఈ పేడా ఈగలూ ఏందప్పా, మన ఊరికి మర్యాదనా?" అన్నాడు ఆ పెద్దాయన సంతోషంగా.

కొండకింద అంటే రెండు కోసులు, నాలుగు మైళ్లు. పశువులను బీడులోనే ఉంచమని కార్డులో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అది రాయాలని నాకు తోచలేదు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసినవాణ్ణి, తెలుగులో ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అధికారి సరిగ్గా పదింటికి వచ్చాడు. మంచివాడే. బీడు నాలుగు మూలలా తిరిగి చూశాడు. "మేతబీడు అని రాశారు. ఒక్క పశువూ లేదే?" అన్నాడు.

"తమరు వస్తారని తోలేసినాము దొరా" అన్నాడు వెంకటరెడ్డి. అప్పటికి ఆయనకూ అర్థమయింది.

సాయంత్రం దాకా ఉంటే పశువులొస్తాయని నేను బతిమాలాను. మధ్యాహ్నానికి త్రిపురాంతకంలో ఉండాలన్నాడు. "పంతులుగారూ, నేను చూసిందే నేను రాయాలి."

మా అక్క ముంతతో మజ్జిగ తెచ్చింది. "ఇది ఈ బీటి గడ్డిదే సామీ" అంది. ఎండ మండుతోంది. ఆయన తాగి, బాగుందని ఇంకో గ్లాసు అడిగి తాగాడు. తరవాత కుర్చీలో కూర్చుని, పశువులు మేస్తున్న జాడ లేదని రాసుకున్నాడు. ఆయన వెంట వచ్చిన మనుషులు ఇళ్ల స్థలాలకు హద్దుగా నాలుగు మూలలా సున్నం పూసిన రాళ్లు పాతారు.

ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండేది. మధ్యాహ్నం అక్క ఇంట్లో జొన్న సంగటి తిన్నాను. "నువ్వేం చేస్తావులే తమ్మీ" అంది అక్క. బర్రెలను అమ్ముతావా అని అడగబోయి మానేశాను.

ఐదింటికి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. అప్పుడొచ్చాయి. కొండ వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ ఎడ్లూ ఆవులూ గేదెలూ మేకలూ వచ్చి, ఎవరూ అదిలించకుండానే బీడులోకి మళ్లాయి. ఊడ్చిన నేల మీద ఏ పశువు చోటుకు ఆ పశువు పోయి నిలబడింది. మా అక్క పెద్ద గేదె ఒక మూలరాయికి మెడ రుద్దుకుంటోంది. సున్నం దాని నల్లటి మెడకు అంటుకుంది. అక్క కొంగుతో తుడుస్తోంది.

తిరుగు రైలుబండిలో కూర్చుని ఇంకో అర్జీ మొదలుపెట్టాను. వింటారో లేదో తెలియదు. మీరెప్పుడైనా మార్కాపురం రోడ్డులో దిగి పట్నానికి వెళితే, పట్నం రాబోయే ముందు ఎడమ పక్కకు చూడండి. పశువులుంటే మా అర్జీ విన్నట్టు. ఇళ్లుంటే లేనట్టు. మీ ఊరికీ పట్నం దగ్గరపడి, మీ బీడు చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే మాత్రం ఊడవకండి. పేడను అక్కడే ఉండనివ్వండి.