ఎకో గదిలో బొగ్గుబాయి పరీక్ష

మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా నాన్నను ఈ రోజు ఖమ్మం తీసుకెళ్లి గుండెకు ఎకో తీయించాను. ఎప్పుడూ నోరు ఆగని మనిషి, టేకులపల్లిలో బస్సెక్కిన దగ్గర్నుంచి ముందు సీటు కడ్డీ పట్టుకుని కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు. చీకటి గదిలో పరీక్ష మొదలవగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మెషీన్‌లోంచి గుండె చప్పుడు వినిపిస్తోంది.

"తాతా, కళ్లు తెరవండి. స్క్రీన్ మీద మీ గుండె కనిపిస్తుంది" అంది డాక్టరమ్మ.

"సూసుడెందుకు బిడ్డా, సప్పుడు ఇంటున్న. బాయిల గిట్లనే కర్రతోని పైకప్పు కొట్టి ఇంటుంటిమి. గట్టిగ మోగితే పని జేసేది, బోలుగ మోగితే కప్పు కూలుతదని బయటికి ఉరికేది."

ఆమె నవ్వి, "మరి మీదెట్ల మోగుతుంది?" అని అడిగింది.

"పని జేసుకోవచ్చు."

రిపోర్టు కూడా దాదాపు అదే చెప్పింది. బీపీ మాత్రలు మాత్రం మానొద్దన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో బస్టాండు దగ్గర రెండో ప్లేటు మిర్చి బజ్జీ చెబుతుంటే, నాన్న నా ఛాతీ మీద వేళ్లతో టకటకా కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"నీదే బోలుగ మోగుతుంది రా. జల్దీ సూపించుకో."

బజ్జీలైతే తినేశాను. కానీ ఇంటికొచ్చినప్పటి నుంచి నన్ను నేనే తట్టి వింటున్నాను. మీదెలా మోగుతోందో మీరూ ఒకసారి తట్టి చూసి చెప్పండి.