కొట్లాడిన ఇల్లు

మా ఆయన చనిపోయిన ఏడాది మా ఇంట్లో ఒక మేకు కూడా కొట్టలేదు. సంవత్సరీకం అయ్యేదాకా ఇంటికి కొత్త పని పెట్టొద్దని అత్తమ్మ అంది. ఆ వానాకాలమంతా కిటికీలకు ప్లాస్టిక్ పట్టా కట్టుకుని గడిపాం. నాచారంలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు పెట్టిన కర్ర కిటికీలు అవి. చెదలు కొంత తిన్నాయి, తడికి కొంత ఉబ్బాయి. ఒకటి మూసుకోదు, ఇంకొకటి తెరుచుకోదు. గాలివాన కొడితే అత్తమ్మ మంచం తడిసేది. అప్పుడు ఇద్దరం నా గదిలో పడుకునేవాళ్ళం.

సంవత్సరీకం అయిన కొద్దిరోజులకు మా మరిది వచ్చాడు. ఆయన తమ్ముడు, ఉప్పల్‌లో ఉంటాడు.

“కిడికీల సంగతి నాకు ఇడిసిపెట్టు వదినా. మా దోస్తుకు ఉప్పల్ల షోరూం ఉంది. వాడు జూసుకుంటడు. నువ్వు ఫికర్ జెయ్యకు.”

మరిది మంచివాడు. అన్న పోయినప్పటి నుంచి బ్యాంకు పనీ కరెంటు ఆఫీసు పనీ తనే చూశాడు. అడగకుండానే చేశాడు. కానీ అలా చేసిన ప్రతి పని తర్వాతా, ఈ ఇంట్లో నన్ను అడగనక్కర్లేని విషయం ఒకటి పెరిగేది. నీళ్ళ మోటారు మార్చారని, దాని మోత మారాక గానీ నాకు తెలియలేదు. ఈసారి ఫికర్ నేనే చేయాలనుకున్నాను.

“కిటికీలు మేమే చూసుకుంటాం” అన్నాను.

మరిది నవ్వాడు. “కిడికీల గురించి నీకేం ఎర్క వదినా? నువ్వు సదివే పుస్తకాలల్ల ఉంటదా?”

“సూస్తది తియ్” అంది అత్తమ్మ.

“సరే అమ్మా, మాటంటే మాట. నీళ్ళు లోపటికొస్తే ఇగ ఇంటి పనులన్ని నేనే జూస్త. ఇద్దరు నోరెత్తొద్దు.”

“సరే” అంది అత్తమ్మ. నన్ను అడగకుండానే ఒప్పేసుకుంది.

మర్నాడు అత్తమ్మను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ముందుగా మరిది స్నేహితుడి షోరూంకే వెళ్ళాను. కాదనే ముందు చూడడం న్యాయం. గట్టి ప్లాస్టిక్‌తో చేసే తెల్లటి యూపీవీసీ కిటికీలు గోడ పొడవునా నిలబెట్టి ఉన్నాయి. పక్కకు జరిపేవి, రెక్కల్లా తెరిచేవి. అత్తమ్మ జరిపే కిటికీని అటూ ఇటూ తోసి చూసింది.

“గిదేంది, ఎట్ల తోసినా సగం మూసే ఉంటది! తలకాయ బయట పెట్టి కూరగాయలాయనను పిలుసుడెట్ల?”

“ఫోన్ చేస్తే ఇంటికే పంపిస్తరు పెద్దమ్మా” అన్నాడు షోరూం అతను.

“ఫోన్ల వంకాయ పుచ్చుదా మంచిదా కనవడ్తదా?”

అతను నవ్వి, తను పని చేసిన ఇళ్ళ ఫొటోలు చూపించాడు. అన్నీ బిగించిన రోజే తీసినవి. కిటికీలకు అంటించిన కాగితాలు ఇంకా ఊడదీయలేదు. నేను అన్నాను: “మీతో గొడవపడ్డ ఇల్లు ఒకటి చెప్పండి. వెళ్ళి చూస్తాం.”

“మాతోటి ఎవరు గొడవపడరు మేడమ్. కావాలంటే రివ్యూలు చూడుండ్రి.”

బయటికొచ్చాక అత్తమ్మ వెంటనే బండెక్కలేదు. “నువ్వడిగింది మా పెద్దోని మాట” అంది.

“అవునత్తమ్మా.”

“నువ్వు బండి మీద కూసోని పుస్తకం సదువుకునేదానివి గదా.”

“వినిపించేది.”

మా ఆయన ఒక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు విభాగంలో పనిచేశారు. ఇంటికి రంగులేసేవాడిని కుదుర్చుకోవాలన్నా, ప్లంబరును పిలవాలన్నా, ముందు ఈ మాటే అడిగేవారు. సంతోషంగా ఉన్నవాళ్ళు పనిని సరిగ్గా చూసి ఉండరని, కొట్లాడినవాళ్ళకే ఆ పని మూలమూలా తెలుస్తుందని ఆయన లెక్క. అప్పట్లో ఎవరి గేటు ముందో బండి ఆపి ఆయన లోపలికి వెళితే నాకు సిగ్గనిపించేది. పుస్తకంలో తల దూర్చుకుని కూర్చునేదాన్ని.

ఆ తర్వాత నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో కిటికీలు చేసే ఒక షెడ్డుకు వెళ్ళాం. కోత యంత్రం మోతలో మాట వినబడడం లేదు. దాని యజమాని యంత్రం ఆపించి బయటికొచ్చాడు. నలభై దాటి ఉంటాయి, పెద్ద గొంతు. నేను అదే అడిగాను.

“కొట్లాడిన ఇల్లా? ఏ దిక్కు గావాలె మేడమ్? నారపల్లిల ఉంది, బోడుప్పల్ల ఉంది. సైనిక్‌పురిల అయితే నా మీదికి కుక్కనే ఇడిసిన్రు.”

అత్తమ్మ నవ్వింది. కొడుకు పోయాక ఆమె గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

“కరిసిందా?” అంది.

“కుక్క మంచిదే పెద్దమ్మా. ఓనరే మంచోడు గాదు.”

బోడుప్పల్ ఇంటి అడ్రసు రాసుకున్నాం. అక్కడ గేటు దగ్గరికి వచ్చినావిడది కోస్తా యాస, మా పుట్టింటి వైపు మాట. వచ్చిన పని చెప్పగానే ఆవిడ ముఖం మారిపోయింది.

“వాడా! వాడే పంపాడా మిమ్మల్ని? ఎంత ధైర్యమండీ!”

అయినా లోపలికి రమ్మంది, టీ ఇచ్చింది. బాత్రూంకు మసక అద్దం చెబితే మామూలు అద్దం పెట్టాడట. మీరు చెప్పిందే పెట్టానని వీధిలో నిలబడి అరిచి, కోపంగా వెళ్ళిపోయాడట. తెల్లారేసరికి మసక అద్దం పట్టుకుని గేటు ముందున్నాడట.

“ఒక్క మాట మాట్లాడలేదండీ. మార్చాడు, వెళ్ళాడు. నేనిచ్చిన టీ కూడా ముట్టుకోలేదు.”

“వానకు నీళ్ళొస్తాయా?” అన్నాను.

“చుక్క రాదు. పనికి వంక పెట్టలేను. నోరే మంచిది కాదు.”

ఇంటికొచ్చి నిర్ణయం చెప్పాను. షెడ్డు అతనికే పని. అత్తమ్మ గదికి పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీ. వంటింట్లో రెక్కలు బయటికి తెరిస్తే సందులో నడిచేవాళ్ళకు తగులుతాయి కనుక అక్కడ జరిపేది. దోమల జాలీ అన్నింటికీ. ఎందుకని అత్తమ్మ ఒక్కసారి కూడా అడగలేదు.

పని జరిగినన్నాళ్ళు నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టాను. పాత కిటికీల్లో ఒకదాని సందున ఆయన మడిచి దూర్చిన అట్టముక్క దొరికింది, గాలికి రెక్క కొట్టుకోకుండా పెట్టింది. దాన్నీ కర్రతో పాటే పంపేశాను. కొత్త కిటికీకి దాని అవసరం లేదు.

మొదటి పెద్దవాన ఒక ఆదివారం మధ్యాహ్నం పడింది. మరిది అప్పటికే వచ్చి కూర్చున్నాడు, మబ్బు చూసే వచ్చాడనుకుంటాను. ఒక్కో కిటికీ కింద వేలితో రాసి చూశాడు. ముందు గది పొడిగా ఉంది. అత్తమ్మ మంచం పొడిగా ఉంది. వంటింట్లో మాత్రం కిటికీ జరిగే గాడి నిండి, నీళ్ళు పొయ్యి గట్టు మీదికి కారుతున్నాయి.

“ఏమాయె వదినా?” అన్నాడు.

నేను షెడ్డు అతనికి ఫోన్ చేశాను.

“నా కిడికీల కెల్లి నీళ్ళు రావు మేడమ్. మీరే తెరిసి పెట్టిండొచ్చు.”

“మూసే ఉంది. మాటలు తర్వాత, ముందు వచ్చి చూడండి.”

“వానల ఎట్లొస్త?”

“వానలోనే రావాలి. ఆగిపోయాక మీకేం కనబడుతుంది?”

నా గొంతు సందు చివరిదాకా వినిపించిందని తర్వాత అత్తమ్మ చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం దాగలేదు.

అతను తడిసి ముద్దయి వచ్చాడు. వస్తూనే గొడవ మొదలుపెట్టాడు, నేనూ తగ్గలేదు. గాడిలో చేరిన నీళ్ళు బయటికి పోవడానికి ఫ్రేముకు చిన్న రంధ్రాలుంటాయి. చుట్టూ సిమెంటు పూసిన మేస్త్రి వాటిని కూడా పూడ్చేశాడు. అతను ఆ మేస్త్రిని తిట్టుకుంటూనే సందులో వానలో నిలబడి రంధ్రాలు తెరిచాడు. గాడిలోని నీళ్ళు మా కళ్ళ ముందే బయటికి పోయాయి. అతను నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

“అయినా నీళ్ళయితే వచ్చినయి గద. మాటంటే మాట” అన్నాడు మరిది.

“వచ్చినయి, పోయినయి గూడ” అంది అత్తమ్మ. “పిలిస్తే వానల వచ్చిండా లేదా? నీ దోస్తయితే వస్తుండెనా?”

మరిది అబద్ధమాడే మనిషి కాదు. “ఏమో” అన్నాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత వానలు చాలా పడ్డాయి. వంటింటి గట్టు తడవలేదు. వానాకాలం చివర్లో మరిది మా ఇంట్లో భోంచేసి కూర్చున్న ఒక రోజు, గేటు ముందు బండి ఆగింది. కొత్త మొగుడూ పెళ్ళాల్లా ఉన్నారు. లోపలికి రావాలా వద్దా అని నిలబడ్డారు. చివరికి ఆ అమ్మాయే అడిగింది.

“ఏమనుకోకండి ఆంటీ. కిటికీలు పెట్టే ఆయన ఈ అడ్రస్ ఇచ్చిండు. ఆయనతోని బాగా కొట్లాడింది మీరేనంట?”

“మేమే బిడ్డా” అంది అత్తమ్మ. ఆమె అంత నిటారుగా నిలబడడం నేను చాలా రోజులుగా చూడలేదు. “లోపటికి రాండ్రి.”

మరిది లేచి, “గివి యూపీవీసీ అన్నట్టు. మొదలు మీరేం జూడాలెనంటే...” అని మొదలుపెట్టాడు.

“నువ్వాగు. కొట్లాడింది మా కోడలు. ఆమె జెప్తది” అంది అత్తమ్మ.

మరిది నా వైపు చూశాడు. “అవు, వదిననే అడుగుండ్రి. గీ ఇంట్ల అన్ని ఆమెనే చూస్తది” అని వాళ్ళకు కుర్చీలు తేవడానికి వెళ్ళాడు.

నేను వాళ్ళను ముందుగా వంటింట్లోకి తీసుకెళ్ళాను. నీళ్ళు వచ్చింది అక్కడే.