నెత్తళ్ళ కింద నా కూతురి ముఖం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు చిన్నారావు, భావనపాడు దగ్గర సముద్రాన్ని నమ్ముకుని బతికేవాణ్ణి, అక్షరం ముక్క రానివాణ్ణి కనుక నేను చెబుతుంటే నా కూతురు పావని రాస్తోంది, కొన్నిచోట్ల ఇది రాయనంటే బతిమాలి రాయించాను, ఎందుకంటే ఇది నా పాపం, దాచుకుంటే నన్నే తినేస్తుంది.

పావని వెయిట్ లిఫ్టింగ్ చేసే పిల్ల. చిన్నప్పటి నుంచి ఇంటి వెనక పాకలో ఇనుప బార్ ఎత్తి దించుతూ పెరిగింది. జాతీయ పోటీలకు ఎంపికైనప్పుడు ఊళ్ళోవాళ్ళు దాని ముఖం మంచమంత పెద్దగా ఫ్లెక్సీ వేయించి, కింద ‘మా ఊరి బంగారం’ అని రాయించి రోడ్డు మొగలో కట్టారు. పిల్ల ఇంకా రైలెక్కనే లేదు, అప్పుడే బంగారం అని రాయించేశాం, చూడండి మా తెలివి. అక్కడ బరువెత్తడానికి మూడు అవకాశాలిస్తారు, మూడింట్లో ఒక్కటీ లెక్కలోకి రాలేదు. తిరిగొచ్చిన పిల్లని పలకరించినవాడు లేడు, నేనూ పలకరించలేదు. మర్నాడు ఆ ఫ్లెక్సీ విప్పుకొచ్చి ఇసుకలో పరిచి, దాని మీద నెత్తళ్ళు, ఆ సన్న చేపలు, ఎండబోశాను. మా ఊళ్ళో పాత ఫ్లెక్సీలన్నీ చివరికి చేపల కిందికే వస్తాయి, అందులో వింత లేదు, కానీ పావని గుమ్మంలో నిలబడి చూస్తోందని తెలిసి కూడా దాని ముఖం మీద చేపలు బోసి చేత్తో సమంగా పరిచాను.

అప్పటి నుంచి మా ఇల్లు మా ఇల్లులా లేదు. అందరి చేపల మీదా కాకులు వాలేవి, మా ఫ్లెక్సీ మీద ఒక్కటీ వాలేది కాదు, మొదట్లో నేను సంబరపడ్డాను కూడా. ఎండకీ ఉప్పుకీ అక్షరాలు పోయాయి, జుట్టు పోయింది, ఎర్ర చొక్కా పోయింది, కళ్ళు మాత్రం పోలేదు. నెత్తళ్ళు తీసినప్పుడల్లా అవి కింద నుంచి నన్నే చూసేవి.

నా భార్య నూకాలు ఒకరోజు పరుగున వచ్చి, “ఆ కళ్ళకాడ సేప ఎండతన్నాది కాదయ్యా, తడిగానే ఉంటన్నాది, నాకు బయమేస్తన్నాది” అంటే తిట్టి నోరు మూయించాను. తరవాత చెయ్యి పెట్టి చూస్తే నిజమే. చుట్టూ చేపలు ఎండి కరకరలాడుతుంటే ఆ రెండుచోట్లా మాత్రం అప్పుడే వలలోంచి తీసినట్టు చల్లగా ఉన్నాయి.

అంతకంటే పెద్ద భయం మధ్యాహ్నం వచ్చేది. ఇసుక కాలిపోయి ఊరంతా నీడలోకి ముడుచుకున్న వేళ పాకలోంచి ధడ్‌మని చప్పుడు. కాసేపాగి మళ్ళీ. ఇంకాసేపాగి మళ్ళీ. మూడే, ఆ తరవాత ఏమీ లేదు. బరువు ఎత్తి నేలకు వదిలిన చప్పుడది, ఏళ్ళ తరబడి విన్నదే. పావనే అనుకుని మొదటిరోజు వెళ్ళి చూస్తే పాకలో ఎవరూ లేరు, బార్ తుప్పు పట్టి ఉంది, ప్లేట్లకీ గోడకీ మధ్య అల్లుకున్న సాలెగూడు చెదరలేదు. నూకాలుకి ఆ చప్పుడు వినబడేదే కాదు. పావనేమో లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉండేది, మాట లేదు, ముద్ద దిగేది కాదు, అంత బరువెత్తిన చేతులకి గాజులు నిలిచేవి కావు. నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. తాయెత్తు కట్టించాను, నేను తాగుడు పెంచాను, చప్పుడు ఆగలేదు, పిల్ల లేవలేదు.

ఒక మధ్యాహ్నం ఆ మూడు చప్పుళ్ళూ అయ్యాక చూస్తే పావని మంచం ఖాళీగా ఉంది. పాకలోనూ లేదు. ఇసుకలోకి వస్తే, సహోదరులారా, ఎలా చెప్పను, ఆ ఫ్లెక్సీ మీద, నెత్తళ్ళ మధ్య, సరిగ్గా తన బొమ్మ మీదే వెల్లకిలా పడుకుని ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడడం లేదు. పోయిందనుకున్నాను. అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాను. నూకాలు ఆదివారం ఆరాధనకి వెళుతుంటే వెక్కిరించిన నోరే ఆమె దేవుణ్ణి పిలిచింది.

“యేసయ్యా, నీ గురించి నాకేటీ తెల్దు. నా గుంట పావని ఓడిపోనేదు. నానే దాని మొగం మీద సేపలెండేసినాను. దాన్నొగ్గేసి నన్నట్టుకుపో.”

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. “అయ్యా” అన్న పిలుపు వినబడి తలెత్తితే పావని నన్ను చూస్తోంది. నాలుగు నెలలుగా నా నోట రాని మాట అప్పుడు వచ్చింది, అది దేవుడే నా నాలుక మీద పెట్టాడని నమ్ముతున్నాను.

“అక్కడ ఎంతెత్తినావమ్మా?”

పిల్ల భోరుమంది. డెబ్బై ఆరు కిలోలట. రెండుసార్లు బార్ వెనక్కి జారిపోయిందట, మూడోసారి తల మీదికి ఎత్తి నిలబడిందట, మోచెయ్యి కాస్త వంగిందని ఎర్ర లైటు వెలిగించి చెల్లదన్నారట. తడిసిన వల మగాళ్ళం ఇద్దరం పట్టి లాగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, నా బిడ్డ ఒక్కతే అంత బరువు తల మీద నిలబెట్టిన సంగతి మాత్రం తెలియదు. నేను అడగలేదు.

ఆ రోజే నూకాలు ఆ ఫ్లెక్సీని మంచినీళ్ళతో కడిగి పాకలో కట్టింది, పావని గంజి తాగింది, నేను మళ్ళీ సీసా ముట్టలేదు, ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాను. పావని నెమ్మదిగా మళ్ళీ బార్ పట్టుకుంది. మొన్నటి పోటీల్లో దానికి ఏడో స్థానం వచ్చింది, సంఘమంతా స్టేషనుకి ఎదురెళ్ళి పూలదండ వేసి తీసుకొచ్చాం. పతకమేదని అడిగినవాళ్ళకి ఎత్తిన బరువు చెప్పాను.

ఇంతవరకే చెప్పి ముగిద్దామనుకున్నాను. కానీ ఇందాక ఆ మధ్యాహ్నపు చప్పుడు గురించి చెబుతున్నప్పుడు పావని కలం ఆపేసింది. తరవాత అంది, “ఆ సప్పుడు నాకూ ఇనపడీదయ్యా. నువ్వే నా బార్ ఎత్తి సూస్తన్నావనుకున్నాను. మా అయ్యకి నానంటే ఇంకా పేనమేలే అనుకుని ఆ పూటకి బతికీదాన్ని.”

నేను ఒక్కనాడూ ఆ బార్ ముట్టలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

తుప్పు పట్టిన ఆ బరువు రోజుకి మూడుసార్లు ఎవరి చేతుల్లో లేచిందో ఇప్పుడు నాకు తెలుసు, దేవునికే మహిమ. సహోదరులారా, మీ ఇంటికి ఓడి వచ్చిన బిడ్డ ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఎంతెత్తావని అడగండి, ఆయన్ని నమ్మి ఈ రోజే అడగండి. మీరు అడగకపోతే మీకు బదులు ఆయనే మీ పెరట్లోకి వచ్చి ఎత్తుతాడు. కానీ ఆ చప్పుడు వింటూ బతకడం చాలా కష్టం.