రెండో ఇంజనీరు గది

ఆ ఏడాది వాంకూవర్‌లో ఏ బస్సెక్కినా స్టూడెంట్లే. నేనూ ఆ గుంపులో దాన్నే. ఒక బేస్‌మెంట్‌లో నలుగురమ్మాయిలం ఉండేవాళ్లం. మిగతా ముగ్గురూ పంజాబీలు. పైన ఉండే ఇంటి ఓనరు ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన, డెబ్బై దాటిన వడ్రంగి. తెలుగు మాట్లాడతారు గానీ ఒక్క అక్షరం చదవలేరు.

నా పార్ట్‌టైమ్ పని పాత ఓడల డ్రాయింగులు స్కాన్ చేయడం. ఎప్పుడో మూతపడ్డ గ్లాస్గో యార్డుల కాగితాలు అవి. బాయిలర్లు, బొగ్గు కొట్లు, రివెట్ల వరుసలు... వెంట్రుకవాసి తేడా లేకుండా గీసిన ఆ మనుషులంటే నాకు భక్తి పుట్టింది. నా నోరు ఊరుకోదు కదా, వెళ్లి ఓనరు అంకుల్ దగ్గర పొగిడాను.

ఆయన రంపం పక్కన పెట్టేశారు. వాళ్ల అవ్వ ఎనిమిదేళ్ల పిల్లగా మద్రాసులో ఓడెక్కి, అమ్మానాన్నలతో ఫిజీ చెరకుతోటలకు వెళ్లిందట. బ్రిటిష్ సరుకు స్టీమరు అది. పేరు ఆయనకు తెలుసు. ఆ ప్రయాణం గురించి ఎవరడిగినా అవ్వ లేచి వెళ్లిపోయేదట.

"ఆ ఓడ చెక్కతో చేస్తాను బిడ్డా. ఈ వింటర్ దాటితే చూపు ఉండదన్నాడు డాక్టరు. అవ్వ ఎక్కడ పడుకుందో అదొక్కటీ చూసి చెప్పు."

నా అదృష్టమో దురదృష్టమో, ఆ ఓడ డ్రాయింగు మా దగ్గరే ఉంది. అడిగి ఒక కాపీ తెచ్చి, ఆయన వంటింటి బల్ల మీద పరిచాను. దీపాలకు ఒక గది ఉంది. రంగు డబ్బాలకు ఒకటి, తాళ్లకు ఒకటి. కోళ్లకు గూడు కూడా గీశారు. వందలమందిని కుక్కి తెచ్చిన కింది అంతస్తు మీద మాత్రం ఒకే మాట ఉంది: సరుకు. నా భక్తి మీద నాకే ఒళ్లు మండింది.

"ఏదమ్మా, ఎక్కడ?" ఆయన వేలు కాగితం మీద వెతుకుతోంది. ఆ సన్నటి ఇంగ్లీషు అక్షరాలు ఆయన చూపుకి ఆనవు.

ఆ వేలు పట్టుకుని, పైన గుండ్రటి కిటికీ ఉన్న చిన్న గది మీద పెట్టాను. అది రెండో ఇంజనీరుది.

"కిటికీ కూడానా!" అన్నారు.

మూడు నెలలు ఆ కిటికీనే చెక్కారు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు మెట్లెక్కానో. ఎక్కినప్పుడల్లా ఆయన భూతద్దం పెట్టుకుని, గాజు ముక్క అంచుల్ని గరుకు కాగితంతో రుద్దుతూ కనిపించేవారు. టీ తాగి దిగొచ్చేసేదాన్ని. ఒకరోజు ఆయన మనవరాలు వచ్చి ఆ కిటికీలోకి తొంగిచూసి, "సో షీ కుడ్ సీ ద సీ, తాతా?" అంది. ఆయన నావైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను. అంతకంటే చేతకాలేదు.

ఓడ పూర్తయ్యేసరికి ఆయనకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. నా చేతిలో పెన్ను పెట్టి, "ఆ తలుపు మీద తెలుగులో రాయి బిడ్డా, అవ్వ గది అని" అన్నారు.

ఆ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అక్కడ 'సరుకు' అని రాసినా ఆయన కళ్లకద్దుకునేవారు. చివరికి ఆయన అడిగిందే రాశాను.

ఆయన తలుపు మీద వేలితో తడిమారు.

"సరిగ్గా రాశావా?"

"సరిగ్గానే రాశాను అంకుల్."