తాళ్ళరేవు రోడ్డులో హీటర్ డ్యూటీ

తెల్లవారుతుండగా రాజమండ్రి వంతెన దాటాం. మధ్యాహ్నానికి తాళ్ళరేవు అవతల, సముద్రం వైపు పోయే కాలవగట్టు మీద, ఒక హైస్కూలు ముందు మా లారీలు ఆగాయి. కార్తీకమాసం. తుపాను వెళ్ళిపోయినా వాన వదల్లేదు. కొబ్బరిచెట్లకు తలల్లేవు. ఎవరో తీసుకొచ్చి పెట్టినట్టుగా ఒక పడవ వరిచేను మధ్యలో కూర్చుంది. స్కూలు నిండా ఇళ్ళు పోయిన జాలరి కుటుంబాలు.

నా సామాను ఒక రెయిన్‌కోటు, రెండు కంబళ్ళు, పనిముట్ల సంచి. సైన్యంలో నా పని బళ్ళు బాగుచేయడం. అంతకుముందు రెండు చలికాలాలు లడఖ్‌లో ఉన్నాను. అక్కడ పొద్దున్నే ఇంజన్లకు ప్రాణం పోయడమే ఉద్యోగం. మాది తణుకు దగ్గర పల్లెటూరు కాబట్టి ఈసారి ఇంకో ఆర్డరు కూడా ఇచ్చారు. బళ్ళు తిరిగేలా చూడు, తెలుగు మాట్లాడు అన్నారు. మిగతావాళ్ళందరూ ఎక్కడెక్కడివాళ్ళో.

రెండోరోజు మేం దాటి వచ్చిన తూము కుంగింది. ఇంజనీరు సుబేదారు దిగి చూసి, దీనిమీద లారీ పోకూడదు, అంబులెన్సు అసలే పోకూడదు, మహా అయితే ఒక కారు పోవచ్చు అన్నాడు. అంటే మా బళ్ళన్నీ లోపలే చిక్కుకున్నాయి. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. బాగున్న లారీలే మళ్ళీ మళ్ళీ విప్పి బిగించాను. మా దళంలో వైర్‌లెస్ సెట్టు చూసే నాయక్ మలయాళీ. వాటిని కాసేపు నిద్రపోనివ్వవయ్యా అని ఏడిపించేవాడు.

మూడోరోజు పొద్దున స్కూల్లో ఒకామెకు నెలలు నిండకుండానే కాన్పు అయింది. పేరు నూకాలు. ఆడపిల్ల పుట్టింది. నా అరచెయ్యంత ఉంది. మా డాక్టరు కెప్టెన్ సెలైన్ సీసాల్లో వేడినీళ్ళు పోయించి, గుడ్డలు చుట్టి పక్కన పెట్టించాడు. పావుగంటలో అవి చల్లారిపోయేవి. పొయ్యిలో పుల్లలన్నీ తడే. తల్లికేమో చలిజ్వరం. పాదాలు నీలంగా మారుతున్న ఆ పిల్లను అమ్మమ్మ గుండెకు అదుముకుని కూర్చుంది.

కెప్టెన్ నన్ను వరండాలోకి పిలిచాడు. "ఒళ్ళు చల్లబడితే ఈ పిల్ల దక్కదు. కాకినాడ పెద్దాసుపత్రిలో వేడిపెట్టె ఉంది. అక్కడిదాకా వెచ్చగా చేర్చాలి. నీకు హీటర్లు తెలుసుగా?" అన్నాడు.

తెలుసు సాబ్ అన్నాను. తీరా చూస్తే ఆ ఊళ్ళో ఉన్నది ఒకటే కారు.

అది సూర్యారావుగారి తెల్ల అంబాసిడర్. పక్కనే మెరకమీద ఆయన ధాన్యం కొట్టులో ఉంది కాబట్టి మునగలేదు. ఢిల్లీలో ఎవరో ఆఫీసరు వాడిన కారును కొని తెచ్చి, కాకినాడలో ఏసీ పెట్టించుకున్నాడాయన. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళికొడుకులందరూ అందులోనే ఊరేగారట. విషయం చెప్పగానే కారు ఇవ్వడమే కాదు, నేనే నడుపుతానండి అన్నాడు. హీటరు మాట అడిగితే మాత్రం నవ్వాడు.

"మీట తిప్పితే గాలొస్తుందండి. వేడి నేనెప్పుడూ చూళ్ళేదు. అయినా మనకెందుకండి హీటరు? ఎండాకాలం బానెట్టు మీద అట్లేసుకోవచ్చు."

మీట తిప్పాను. గాలి వచ్చింది, చల్లగా. కారు హీటరంటే వేరే పొయ్యి కాదు. ఇంజన్లో కాగిన నీళ్ళు ఒక పైపులో డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న పెట్టెలోకి వస్తాయి, ఇంకో పైపులో తిరిగి పోతాయి. ఆ పెట్టె మీదుగా ఫ్యాను గాలి కొడుతుంది, అంతే. అందుకని ముందు ఆ రెండు పైపులూ పట్టుకుని చూడాలి. బానెట్టు ఎత్తాను. పట్టుకోవడానికి అక్కడ పైపులే లేవు. ఇంజను నుంచి రావాల్సిన గొట్టం మధ్యలోనే మెడ తిప్పి మళ్ళీ ఇంజనులోకే దూరింది. హీటరు మొనల్లో రెండు కొయ్యబిరడాలు కొట్టి ఉన్నాయి. ఏసీ బిగించినాయన, ఇది మనకు పనికిరాని సరుకని తేల్చేశాడన్నమాట. నోటికొచ్చిన మాట అనేశాను. హిందీలో అన్నాను గనక సూర్యారావుగారు నొచ్చుకోలేదు.

బిరడాలు పీకాను. పెట్టె చిల్లిపడి ఉంటే ఇక చేసేదేమీ లేదు. ఒక మొనలో చెంబెడు నీళ్ళు పోశాం. ముందు తుప్పు వచ్చింది, తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. కింద వేసిన కాగితం తడవలేదు. మా లారీ సామాన్లలో ఉన్న రబ్బరు గొట్టం కోసి కలిపాను. ఒక క్లిప్పు తక్కువైంది. పిల్ల తండ్రి సత్తిబాబు అప్పటిదాకా ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా నిలబడి ఉన్నాడు. నడుముకున్న వలతాడు విప్పి, ఆ అతుకు చుట్టూ బిగించి ముడేశాడు. లాగి చూశాను. క్లిప్పులకంటే అదే గట్టిగా ఉంది.

ఇంజను వేసి ఉంచాం. గాలి కొంచెం మారింది గానీ అది వేడి కాదు. డాష్‌బోర్డు మీద ఇంజను వేడి చూపే ముల్లు కదలడం లేదు. అప్పుడు అర్థమైంది, థర్మోస్టాట్ కూడా లేదని. అదొక చిన్న బిళ్ళ. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపుతుంది. మన వైపు మేస్త్రులు చాలామంది కారు చేతికి రాగానే దాన్ని తీసి పారేస్తారు. అది ఉంటే బండి కాగిపోతుందని వాళ్ళ భయం. మన ఎండలకు పడిన జాగ్రత్త అది. ఆ పూట మాత్రం అదే మా కొంప ముంచింది.

లడఖ్‌లో మేం రేడియేటర్ ముందు అట్టముక్క కట్టేవాళ్ళం, చలిగాలి ఇంజనుకు తగలకుండా. ఈ వానకు అట్ట నిలవదు. కారులో కాళ్ళకింద వేసే రబ్బరు పట్టా తీసి, రెండువేళ్ళ సందు వదిలి, మిగిలిన వలతాడుతో రేడియేటర్‌కు కట్టబోయాను. సూర్యారావుగారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేడియేటర్ మూసేస్తే ఇంజను పోద్దండి."

పోవచ్చండి అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఆయన స్కూలు వైపు చూశాడు. చెయ్యి తీసేసి, "కట్టండి" అన్నాడు.

హీటరు గాలి ముందుకే వస్తుంది కాబట్టి ముందు సీట్లో మధ్యన నేను, అంచున పిల్లతో అమ్మమ్మ కూర్చున్నాం. వెనక సీట్లో నూకాలు, సత్తిబాబు ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. స్కూలు వరండాలోంచి వైర్‌లెస్ నాయక్ గొంతు వినిపించింది. "కంట్రోల్, తెల్ల అంబాసిడర్ ఒకటి బయలుదేరింది. దారిలో ఎవరూ ఆపకండి. ఓవర్."

తూము మీద సూర్యారావుగారు కారును అంగుళం అంగుళం పోనిచ్చాడు. తాళ్ళరేవు దాటి కాకినాడ రోడ్డెక్కేసరికి అద్దాలన్నీ మసకబారాయి. తడిబట్టలతో అంతమంది, మూసిన కిటికీలు. అలవాటుగా సూర్యారావుగారి చెయ్యి ఏసీ మీటమీదికి పోయింది. ఆ చేతిమీద ఒక్కటి వేశాను. వయసులో నా తండ్రంతటివాడు.

"దారి కనపడ్డం లేదండి మరి" అన్నాడాయన.

నిజమే. కిటికీ దించితే వానగాలి పిల్ల మీదికొస్తుంది. ఏసీకి చల్లబరచడమే కాదు, గాలిలో తడి పీల్చడం కూడా వచ్చు. దాని రెక్కలన్నీ పైకి, అద్దం వైపు తిప్పాను. హీటరు గాలిని కిందికి, అమ్మమ్మ ఒడి వైపు పెట్టాను. రెండూ ఒకేసారి వేశాను. సూర్యారావుగారు నన్నో పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు గానీ అద్దం మీద ముందు చారెడు, తర్వాత బారెడు దారి కనిపించింది. వెంటనే ఏసీ ఆపేశాను. మసకబారితే మళ్ళీ వేశాను. దారి పొడుగునా అదే పని.

ముల్లు లేచింది. గాలి వెచ్చబడింది, ఆ తర్వాత నిజంగా వేడెక్కింది. అమ్మమ్మ ఒక అరచెయ్యి గాలికి అడ్డం పెట్టి కాచుకుని, దాన్ని తెచ్చి పిల్ల పాదాలకు అదిమింది. తర్వాత రెండో చెయ్యి. కుంపటి మీద చేతులు కాచి పసిబిడ్డకు కాపడం పెడతారే, అచ్చం అలాగే. ఇదేంటని నన్ను అడగలేదు. అదొక కుంపటి అని ఆమెకు తెలిసిపోయింది.

వెనకనుంచి నూకాలు మాటిమాటికీ అడుగుతోంది. "అమ్మా, ఏడ్చిందా?" లేదు. మైలు పోయాక మళ్ళీ అదే ప్రశ్న. అమ్మమ్మ జవాబు చెప్పడం మానేసింది. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. కారు ఆపించి, వానలో దిగి పట్టా ఇంకో రెండువేళ్ళు పక్కకు జరిపాను. ముల్లు దిగింది, దాంతోపాటే గాలి చల్లబడింది. మళ్ళీ దిగి ఒక వేలు మూశాను. ఎక్కువైతే ఇంజను పోతుంది, తక్కువైతే పిల్ల పోతుంది. తూటాల కింద పడుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆ సీట్లో భయపడ్డంతగా ఎక్కడా భయపడలేదు.

కాకినాడ పొలిమేరలో పిల్ల మూలిగింది. ఏడుపని చెప్పలేం. నూకాలుకు మాత్రం వినబడింది. ఇక అడగలేదు.

ఆసుపత్రి మెట్ల ముందు నర్సు తువ్వాలుతో పరిగెత్తుకొచ్చి పిల్లను తీసుకుపోయింది. తల్లిని స్ట్రెచర్ మీద వేశారు, సత్తిబాబు వెంట వెళ్ళాడు. సూర్యారావుగారు స్టీరింగు మీద తల ఆనించి అలాగే ఉండిపోయాడు. ఆయన ఇంజను పోలేదు.

తూము కింద ఇసుకబస్తాలు వేశాక మా లారీలు కదిలాయి. బయలుదేరే పొద్దున వైర్‌లెస్ నాయక్ కాకినాడ కంట్రోల్‌తో మాట్లాడి గట్టిగా అరిచి చెప్పాడు. "నీ పిల్ల పాలు తాగుతోందట. ఓవర్." నేను లారీ కింద పడుకుని ఉన్నాను. పని అయిపోయినా చాలాసేపు బయటికి రాలేదు. ఏడుస్తున్నానని వాళ్ళకు తెలియడం ఇష్టంలేక. సాయంత్రానికి గోదావరి దాటాం. ఆ తర్వాత ఎన్నో పోస్టింగులు. తర్వాత పెన్షను, తణుకు.

అన్నీ మెల్లగా చెరిగిపోతున్నాయి. ఒక్కటి పోదు. పిల్లను తీసుకుపోయాక కూడా అమ్మమ్మ కారు దిగలేదు. ఖాళీ ఒడితో, రెండు చేతులూ హీటరు గాలిలో పెట్టి తిప్పి తిప్పి కాచుకుంటోంది. "మామ్మా, దిగండి, లోపలికి వెళ్ళండి" అన్నాను. "ఉండు నాయనా, చల్లటి చేతుల్తో దాన్నెలా ముట్టుకుంటాను" అంది. చాలనుకున్నాక రెండు పిడికిళ్ళూ మూసింది. వాటిని పైట కింద దాచుకుని, తల తడుస్తున్నా లెక్కచెయ్యకుండా ఒక్కో మెట్టే ఎక్కింది. తలుపు దగ్గర ఎవరో చెయ్యి అందించారు. ఆమె పట్టుకోలేదు. పిడికిలి విప్పలేదు.