నెత్తళ్ళ వలకి నాలుగు ముడులు

ఇంటర్ పరీక్షలు అయిపోగానే విశాఖ నుంచి అమ్మమ్మ ఊరు వెళ్ళాను. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డున, ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత వచ్చే ఊరు. ఆ గీత కోసం నేను చెయ్యి పైకెత్తి తిరుగుతుంటే, పిన్ని కూతురు ఇసుకలో నెత్తళ్ళు, అదే వేలెడంత చేపలు, ఆరబోస్తోంది. అది తొమ్మిదో తరగతి. సోమవారం నుంచి సంవత్సరం పరీక్షలు.

"వెళ్తావా, లేదా?" అనడిగాను.

"మబ్బునడుగు అప్పా," అంది. అక్కని అక్కడ అప్ప అంటారు.

ఇదివరకు ఎండాకాలం అంటే ఎండే. చేపలు ఆరబోసి ఎవరి పని వాళ్ళు చూసుకునేవాళ్ళట. ఈమధ్య ఏ కాలమైనా చెప్పాపెట్టకుండా వాన కొడుతోంది. తడిస్తే నెత్తళ్ళు కుళ్ళిపోతాయి. ఇసుకలోంచి వాటిని ఏరడం పిన్ని ఒక్కదానివల్ల కాదు. అందుకే అర్ధసంవత్సరం పరీక్షలు రెండు మానేసింది చెల్లి.

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చూసి, "నాలుగు రోజులు వాన లేదు, నిశ్చింతగా చదువుకో!" అని అరిచాను. గంట తిరక్కుండా వాన. గంపలు పట్టుకుని అందరం పరిగెత్తాం. అయినా సగం తడిసిపోయాయి.

"ఆ ఫోన్ని కూడా ఎండబెట్టవే," అంది అమ్మమ్మ.

"నువ్వూ పొద్దున్న గాలి సూసి వాన నేదన్నావు కదే ముసల్దానా," అంది చెల్లి. "మీ ఇద్దరి మాటా తప్పతన్నాది. ఇంక నాను సెప్పినట్టు సెయ్యండి."

పాత వలని నాలుగు కర్రలకి మంచంలా కట్టి, దానిమీద చేపలు ఆరబెట్టాలట. వానొస్తే ముడులు విప్పి, మూటకట్టి, ఒక్క మనిషే లోపలికి లాగెయ్యొచ్చు. దాని స్నేహితురాళ్ళిద్దరు అప్పటికే అలా చేస్తున్నారు.

"ఇసక తగల్నేని సేపకి రుసేటుంటాదే?" అని అమ్మమ్మ గొణుగుడు.

కర్రలు పాతి చెల్లి నీళ్ళకి వెళ్ళింది. ఈలోగా నేనే గోడకున్న వల తీసి కట్టి, గంపెడు నెత్తళ్ళు కుమ్మరించి, సెల్ఫీకి నిలబడ్డాను. ఫోటోలో నా వెనక వల ఖాళీగా ఉంది. చేపలన్నీ కింద ఇసుకలో!

"ఓలమ్మో! అది పెద్ద సేపల వలప్పా! ఆ కన్నుల్లోంచి నెత్తళ్ళు దూరిపోవేటి?" చెల్లి నవ్వి నవ్వి బిందె దించేసింది. వలలన్నీ ఒకటే అనుకున్నాను, నాకేం తెలుసు!

సన్నకన్నుల వల కట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం మబ్బు కమ్మింది. నేను పరిగెత్తబోతే చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగప్పా. అమ్మొక్కర్తే సెయ్యాల."

పిన్ని మమ్మల్ని తిడుతూనే ఒక ముడి విప్పింది. రెండు. మూడోది బిగుసుకుపోయింది. చెల్లి గోళ్ళు నా చేతిలో దిగాయి. పిన్ని పళ్ళతో లాగితే వచ్చింది. నాలుగోది ఊడింది. మూట గడప దాటాక మొదటి చినుకు పడింది.

లోపల్నుంచి పిన్ని గొంతు: "ఏటే, వానలో బొమ్మలాగ నిల్సున్నావు? రేపు లెక్కల పరీచ్చ కాదేటి? పుస్తకం తియ్యి!"

సోమవారం అది బడికి వెళ్ళింది. కాకుల్ని తోలే పని నాకు పడింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోన్.